పాత హార్డ్ డిస్క్‌కి ఏ డబ్బా కొనాలి? సిటీసీకి బయల్దేరే ముందు స్క్రూడ్రైవర్ పట్టండి

మా బావమరిది ల్యాప్‌టాప్ పోయిన వానాకాలంలో చచ్చిపోయింది. బోర్డు పోయిందట, బాగు చేయించే ఖర్చుకు ఇంకొంచెం వేసుకుంటే సెకండ్ హ్యాండ్‌లో వేరేది వస్తుందని సర్వీసు షాపతను చెప్పాడట. ల్యాప్‌టాప్ పోతే పోయింది గానీ పాప అన్నప్రాసన ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. "బావా, ఏదో డబ్బా దొరుకుతుందట కదా, అందులో డిస్క్ పెట్టి పెన్‌డ్రైవ్‌లా గుచ్చేయొచ్చట" అని ఫోన్ చేశాడు. నాకు తెలియనిదా అనుకొని కేపీహెచ్‌బీలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ప్యారడైజ్‌లో దిగి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సిటీసీకి పోయి ఓ ఎన్‌క్లోజర్ (ఆ డబ్బా పేరు అదే) పట్టుకొచ్చా. ఈ మధ్య ల్యాప్‌టాప్‌లన్నిటిలో ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం డిస్కులే కదా అని అదే తీసుకున్నా. ఇంటికొచ్చి, ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పి, వేలెడంత ఎం.2 కార్డు బయటికి తీసి డబ్బాలో పెడితే చక్కగా కూర్చుంది. నీలం లైటు కూడా వెలిగింది. స్క్రీన్ మీద మాత్రం ఏమీ రాలేదు. కేబుల్ మార్చాం, పోర్టు మార్చాం, రీస్టార్ట్ చేశాం, ఊహూఁ. మా వాడి మొహం చూడలేకపోయా.

నిజానికి డిస్క్‌కి ఏమీ కాలేదు. అది సాటా అనే పాత రకం డిస్క్, నేను తెచ్చింది ఎన్‌వీఎంఈ డబ్బా. రెండిటి ఆకారం ఒకటే, లోపల మాట్లాడుకునే భాష వేరు. ప్యాకింగ్ నేనే పరపరా చింపేశా కాబట్టి వెనక్కి ఇవ్వమని అడగడానికి మొహం చెల్లలేదు. మర్నాడు మళ్లీ అదే మెట్రో. ఈసారి డిస్క్‌ని వెంట తీసుకెళ్లా. ఇంకో షాపులో కుర్రాడు దాన్ని ఇలా తిప్పి అలా చూసి, "అన్నా, దీనికి రెండు గాట్లున్నయ్ చూడు. ఇది సాటా. మీ డబ్బాల లైట్ వస్తది గని డ్రైవ్ రాదు" అని అక్కడికక్కడే తేల్చేశాడు.

కాబట్టి నా సలహా మొత్తం ఒకే ఒక్క ముక్క చుట్టూ తిరుగుతుంది: ఏ బ్రాండు, ఎంత స్పీడు అన్నవి తర్వాత, ముందు మూత విప్పి మీ డిస్క్ ఏదో కళ్లారా చూడండి. డిస్క్ ఏదో తెలిస్తే సగం డబ్బాలు లిస్టులోంచి వాటంతటవే ఎగిరిపోతాయి, దాన్ని ఏ పనికి వాడతారో తెలిస్తే మిగతావాటిలో చాలావరకు పోతాయి, చివరికి ఎంచుకోవడానికి రెండో మూడో మిగులుతాయి. అన్నట్టు షాపులో ఎన్‌క్లోజర్ అనకపోయినా పర్లేదు, కేసింగ్ అంటే చాలు.

మీ డిస్క్ ఏది?

అరచేతిలో పట్టేంత, పేకముక్కల కట్టలా ఉండేది 2.5 అంగుళాల డిస్క్. పాత ల్యాప్‌టాప్‌లలో ఉండేది ఇదే. లోపల పళ్లెం తిరిగే హార్డ్ డిస్క్ అయినా, తిరిగేదేమీ లేకుండా చిప్పులతో నడిచే ఎస్‌ఎస్‌డీ అయినా ఈ సైజులో ఉంటే దాదాపు ఎప్పుడూ సాటానే, డబ్బా ఒకటే సరిపోతుంది. ఇటుక ముక్కలా బరువుగా ఉంటే 3.5 అంగుళాలది, డెస్క్‌టాప్‌లోంచో సీసీ కెమెరా రికార్డర్ (డీవీఆర్) లోంచో వచ్చి ఉంటుంది. సన్నటి పచ్చటి కార్డులా, మీద నల్ల చిప్పులతో ఉంటే ఎం.2.

తికమకంతా ఈ ఎం.2 దగ్గరే. బంగారు రంగు పిన్నులున్న అంచు చూడండి. ఒకటే గాటు ఉంటే చాలావరకు ఎన్‌వీఎంఈ, అటొకటి ఇటొకటి రెండు గాట్లుంటే చాలావరకు సాటా. చాలావరకు అని ఎందుకంటున్నానంటే రెండు గాట్ల ఎన్‌వీఎంఈ కార్డులూ కొన్ని వచ్చాయి. అందుకని లేబుల్ కూడా చదవండి. ఎన్‌వీఎంఈ అనో పీసీఐఈ అనో ఉంటే ఒక దారి, సాటా అనో 6 జీబీపీఎస్ అనో ఉంటే ఇంకో దారి. లేబుల్ చిరిగిపోయి ఉంటే మోడల్ నంబరు నెట్‌లో వెతకండి, ఒక్క నిమిషం పని. పొడవు కూడా చూసుకోండి: 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. కొన్ని చిన్న ల్యాప్‌టాప్‌లలో 2230 కార్డు వస్తుంది, అంటే 30 మిల్లీమీటర్లే. దాన్ని బిగించడానికి డబ్బాలో ఆ కొలత దగ్గర కూడా కన్నం ఉండాలి, లేకపోతే కార్డు ఒకవైపు గాల్లో వేలాడుతుంది.

రెండు సందర్భాల్లో మాత్రం డబ్బా కొనే పనే పెట్టుకోవద్దు. చవక రకం చిన్న ల్యాప్‌టాప్‌లు కొన్నిటిలో స్టోరేజీ బోర్డు మీదే అతికించి ఉంటుంది, విప్పి చూస్తే తీయడానికి డిస్క్ అనేదే కనిపించదు. ఇంకోటి పాత మ్యాక్‌బుక్‌లు: కొన్నిటి ఎస్‌ఎస్‌డీ ఎం.2లా కనిపిస్తుంది గానీ పిన్నులు యాపిల్ సొంతవి, మామూలు ఎం.2 డబ్బాలో కూర్చోదు, బలవంతంగా తోశారా పిన్నులు పోతాయి.

2.5 అంగుళాలది: వైరా, డబ్బానా

చాలామందికి కావాల్సింది ఇదే, ఇందులో ఖర్చూ తక్కువే. ఈ డిస్కులు 5 వోల్టులతోనే నడుస్తాయి కాబట్టి యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటాయి, వేరే అడాప్టర్ అక్కర్లేదు. మీ ముందు మూడు దారులున్నాయి: డబ్బా లేకుండా ఉత్త సాటా-యూఎస్‌బీ వైరు, స్క్రూలు లేకుండా మూత జరిపి మూసే ప్లాస్టిక్ డబ్బా, స్క్రూలతో బిగించే అల్యూమినియం డబ్బా.

ఫొటోలు ఒకసారి కాపీ చేసుకుని డిస్క్‌ని బీరువాలో పడేసేవాళ్లకి ఉత్త వైరు చాలు. షాపులవాళ్లు ఇది చూపించరు, ఎందుకంటే డబ్బా రేటు దీనికి రాదు, మీరే అడగాలి. రెండు మూడు డిస్కులున్నవాళ్లకి కూడా వైరే నయం, ఒకటి తీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. ఒకే ఒక్క జాగ్రత్త, హార్డ్ డిస్క్ తిరుగుతున్నప్పుడు టేబుల్ మీద అటూ ఇటూ లాగకూడదు, అడుగున బయటికి కనిపించే బోర్డు ఏ ఇనుప వస్తువుకీ తగలకూడదు. మా ఇంట్లో స్టీలు డైనింగ్ టేబుల్ మీద పెట్టబోతే మా ఆవిడే కింద న్యూస్‌పేపర్ వేసింది, ఎందుకో ఆమెకి తెలియదు, టేబుల్‌కి గీతలు పడతాయని వేసింది.

బ్యాగులో వేసుకుని ఆఫీసుకీ ఇంటికీ తిప్పేవాళ్లు డబ్బా కొనండి. ప్లాస్టిక్‌దా, అల్యూమినియందా అంటే, లోపల హార్డ్ డిస్క్ అయితే నేను ప్లాస్టిక్ వైపే, వేడి పెద్దగా రాదు, బరువు తక్కువ, డిస్క్ మార్చడం తేలిక. ఎస్‌ఎస్‌డీ పెట్టి గంటల తరబడి వాడేవాళ్లకే అల్యూమినియం. పారదర్శకంగా ఉండేవి చూడ్డానికి బాగుంటాయి, పిల్లలు లోపల డిస్క్ చూసి ముచ్చటపడతారు, అంతకుమించి లాభం లేదు. మందం మాత్రం అడగండి. ల్యాప్‌టాప్ డిస్కులు ఎక్కువగా 7 లేదా 9.5 మిల్లీమీటర్లు ఉంటాయి, మామూలు డబ్బాల్లో అవి రెండూ పడతాయి. 15 మిల్లీమీటర్ల లావు డిస్కులు కూడా ఉన్నాయి, అవి పట్టవు.

ఇక స్పీడు సంగతి, డబ్బులు వృథా అయ్యేది ఇక్కడే. పెట్టె మీద రాసే పేర్లు చూస్తే ఎవరికైనా తల తిరుగుతుంది, 2008లో వచ్చిన యూఎస్‌బీ 3.0నే తర్వాత 3.1 జెన్ 1 అన్నారు, ఆ తర్వాత 3.2 జెన్ 1 అన్నారు, మూడూ ఒకటే, మూడూ 5 జీబీపీఎస్సే (సెకనుకు 5 గిగాబిట్లు). పేర్లు వదిలేసి 5, 10, 20, 40 అనే అంకె ఒక్కటే చూడండి. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ ఎంత చించుకున్నా సెకనుకు 100 ఎంబీ చుట్టుపక్కలే ఇస్తుంది. దానికి 5 జీబీపీఎస్ డబ్బానే ఎక్కువ, 10 జీబీపీఎస్ డబ్బా కొంటే ఆటోకి విమానం ఇంజను కట్టినట్టే. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దాకా పోగలదు, 5 జీబీపీఎస్ డబ్బాలో 400 పైచిలుకు వస్తుంది, ఆ తేడా కోసం ఎక్కువ పెట్టాలా అన్నది మీ ఇష్టం, నేనైతే పెట్టను.

పొరపాటున కూడా యూఎస్‌బీ 2.0 డబ్బా మాత్రం కొనకండి. ఇంకా అమ్ముతున్నారు, 100 రూపాయలో 200 రూపాయలో తక్కువ అని. అందులో సెకనుకు 35 ఎంబీ వస్తే గొప్ప. లెక్కేసుకోండి, 500 జీబీ కాపీ చేయడానికి 3.0లో 100 ఎంబీ లెక్కన గంటన్నర లోపు, 2.0లో దాదాపు 4 గంటలు. అదీ పెద్ద ఫైళ్లయితే. వాట్సాప్ ఫొటోలలాంటి చిన్న ఫైళ్లు వేలకొద్దీ ఉంటే రెండింట్లోనూ ఇంకా ఎక్కువే.

కనెక్టర్ గురించి కూడా చెప్పాలి. పాత రకం 3.0 డబ్బాలకి వెడల్పుగా, మధ్యలో నొక్కినట్టు రెండు భాగాలుగా ఉండే మైక్రో-బీ సాకెట్ ఉంటుంది. వాడగా వాడగా వదులైపోవచ్చు, కాపీ సగంలో ఉండగా చెయ్యి తగిలితే డిస్క్ మాయం. 100 రూపాయలు ఎక్కువైనా టైప్-సీ సాకెట్ ఉన్నదే తీసుకోండి. అలాగని టైప్-సీ అంటే స్పీడు ఎక్కువ అనుకోకండి, అది సాకెట్ ఆకారం మాత్రమే. అలాగే డబ్బాతో వచ్చిన కేబుల్‌ని ఫోన్ ఛార్జర్ కేబుళ్లలో కలిపేయకండి. ఛార్జింగ్ కోసం ఇచ్చే టైప్-సీ కేబుళ్లు చాలావరకు డేటాలో యూఎస్‌బీ 2.0 స్పీడే ఇస్తాయి, తర్వాత డబ్బా నెమ్మదిగా ఉందని డబ్బానే తిట్టుకుంటాం.

టీవీకి పెట్టి సినిమాలు చూద్దామనుకునేవాళ్లకో మాట: యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం 500 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది, 3.0 అయితే 900. హార్డ్ డిస్క్ తిరగడం మొదలెట్టే క్షణంలో అంతకంటే ఎక్కువ లాగొచ్చు. టీవీ వెనక పోర్టులో పెడితే టిక్కు టిక్కుమని ఆగిపోతుంటే డిస్క్ పోయిందని కంగారు పడకండి, ల్యాప్‌టాప్‌కి పెట్టి చూడండి.

3.5 అంగుళాలది: అసలు సంగతి అడాప్టర్‌లో ఉంది

దీనికి 12 వోల్టులు కావాలి, మామూలు యూఎస్‌బీ పోర్టు అంత ఇవ్వలేదు, అందుకే డబ్బాతో పాటు గోడకి పెట్టే అడాప్టర్ వస్తుంది. అడాప్టర్ లేకుండా 3.5 డబ్బా అని ఎవరైనా అమ్మితే కొనకండి.

నా సొంత అనుభవం ఒకటి. నాలుగేళ్ల కింద ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చిందని ఒక డబ్బా తెప్పించా, డెస్క్‌టాప్‌లోంచి తీసిన డిస్క్ అందులో పెట్టా. స్విచ్ వేయగానే గుయ్‌మని తిరగడం మొదలయ్యేది, నాలుగు సెకన్లకి టక్ అని ఆగేది, మళ్లీ గుయ్. పది నిమిషాలు ఇదే తంతు. డిస్క్ పోయిందని డిసైడైపోయా. రాత్రి భోజనాలప్పుడు మా నాన్న అడాప్టర్ తిప్పి చూస్తూ, "ఏరా, దీని మీద ఒక ఆంపియర్ అని ఉందేంట్రా, మన వైఫై డబ్బాకి కూడా ఇదే కదా" అన్నారు. ఆయన రిటైరైన ఎలక్ట్రీషియన్, ఇంట్లో ఏ వస్తువొచ్చినా ముందు వెనక రాసింది చదువుతారు. 3.5 డిస్క్ తిరగడం మొదలెట్టేటప్పుడు 12 వోల్టుల లైన్ మీద 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. 2 ఆంపియర్ల అడాప్టర్ తెచ్చి పెడితే అదే డిస్క్ బుద్ధిగా లేచి కూర్చుంది, ఇప్పటికీ పనిచేస్తోంది.

అంచేత 3.5 డబ్బా కొనేటప్పుడు డబ్బా కంటే ముందు అడాప్టర్ తిప్పి చూడండి: 12 వోల్టులు, 2 ఆంపియర్లు లేదా అంతకంటే ఎక్కువ. ఆంపియర్లు ఎక్కువుంటే నష్టం లేదు, వోల్టులు మాత్రం అటూ ఇటూ కాకూడదు. గుండ్రటి పిన్ను సరిపోయింది కదా అని 19 వోల్టుల అడాప్టర్ ఏదైనా గుచ్చారంటే డబ్బాతో పాటు డిస్క్ బోర్డు కూడా కాలిపోయే ప్రమాదం ఉంది.

ఇంకోటి, మన దగ్గర కరెంటు. ల్యాప్‌టాప్‌కి పెట్టిన 2.5 డిస్క్‌కి కరెంటు పోయినా ఏమీ కాదు, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది. 3.5 డబ్బా అలా కాదు, గోడ ప్లగ్గులో కరెంటు పోతే రాస్తున్న ఫైలు మధ్యలోనే ఆగిపోతుంది, దాంతో ఫైళ్ల లిస్టు పాడవచ్చు. ఈదురుగాలి వచ్చిన ప్రతిసారీ ఒకసారి లైట్లు ఆరి వెలిగే కాలనీలు మనకి బోలెడు కాబట్టి ఇన్వర్టర్ లైను మీద ఉన్న ప్లగ్గులోనే పెట్టండి. ఇన్వర్టర్ లేకపోతే, వాన మబ్బు చూసి కాపీ మొదలెట్టకండి. నవ్వొచ్చినా సరే, నేను అలాగే చేస్తా.

డబ్బా బదులు డాక్ కొనొచ్చా అంటే, డిస్కులు ఎక్కువగా ఉన్నవాళ్లకి కచ్చితంగా అదే మేలు. డాక్ అంటే బ్రెడ్ టోస్టర్‌లా పైనుంచి డిస్క్‌ని నిలువుగా దించే స్టాండు, 2.5, 3.5 రెండూ పడతాయి. పెళ్లి ఫొటోలు తీసేవాళ్ల దగ్గర చూశా, ఒక్కో సీజన్‌కి ఒక్కో డిస్క్, దాని మీద మార్కర్‌తో పేరు, కావాల్సినప్పుడు టోస్టర్‌లో పెట్టడం. రోజంతా పెట్టి ఉంచే డిస్క్‌కి మాత్రం డాక్ వద్దు, దుమ్ము, పిల్లల చేతులు, పిల్లి. రెండు డిస్కులు పట్టే డాక్‌లలో చాలావాటికి కంప్యూటర్ లేకుండానే ఒకదాన్ని ఇంకోదాంట్లోకి కాపీ చేసే బటన్ ఉంటుంది. అది చాలా బాగా పనిచేస్తుంది, తప్పు దిశలో కూడా అంతే బాగా పనిచేస్తుంది. ఖాళీ డిస్క్‌ని మొదటి అరలో, ఫొటోలున్నదాన్ని రెండో అరలో పెట్టి బటన్ నొక్కితే ఖాళీ డిస్క్‌ని తెచ్చి ఫొటోల మీద రాసేస్తుంది. అరల దగ్గర రాసి ఉన్నది రెండుసార్లు చదివి అప్పుడు నొక్కండి.

డీవీఆర్ డిస్క్ తెచ్చి డబ్బాలో పెట్టి సీసీ కెమెరా ఫుటేజ్ చూద్దామనుకునేవాళ్లు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లలో ఇది తరచూ వస్తుంది, ముందే తెలుసుకోండి: చాలా డీవీఆర్‌లు తమ సొంత పద్ధతిలో రాస్తాయి, విండోస్‌కి అది అర్థం కాదు, ఖాళీ డిస్క్ అనుకొని ఫార్మాట్ చేయమంటుంది. ఫుటేజ్ డీవీఆర్‌లోంచే పెన్‌డ్రైవ్‌లోకి తీయాలి.

ఎన్‌వీఎంఈ: స్పీడు నిజమే, వేడి కూడా నిజమే

10 జీబీపీఎస్ డబ్బాలో మంచి ఎన్‌వీఎంఈ కార్డు పెడితే సెకనుకు 1000 ఎంబీ దాకా వస్తుంది. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకి, పెద్ద ఫైళ్లు రోజూ మోసేవాళ్లకి ఇది వరం. మామూలు 2.5 ప్లాస్టిక్ డబ్బాకి రెండు మూడింతల రేటు ఉంటుంది, పెట్టొచ్చు. 20 జీబీపీఎస్ అని రాసి ఉన్నవాటి జోలికి పోకండి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ 20 పోర్టే ఉండదు, అది లేని ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే 10 కే పడిపోతుంది, డబ్బులు మాత్రం 20వే. 40 జీబీపీఎస్‌ది నిజంగా కావాల్సినవాళ్లకి ఆ సంగతి వాళ్లకే తెలుసు, వాళ్ల ల్యాప్‌టాప్‌లో యూఎస్‌బీ4 పోర్టు లేదా థండర్‌బోల్ట్ పోర్టు ఉంటుంది.

ఇక్కడ బ్రాండు కంటే, డిస్క్ భాషని యూఎస్‌బీకి మార్చే లోపలి చిప్ ముఖ్యం. రియల్‌టెక్ వాళ్ల ఆర్‌టీఎల్9210బీ చిప్ ఉంటే ఆ డబ్బాలో ఎన్‌వీఎంఈ, సాటా రెండు రకాల ఎం.2 కార్డులూ పనిచేస్తాయి. నేను మొదటిసారే ఇది అడిగి ఉంటే రెండోసారి మెట్రో ఎక్కే పని తప్పేది. జేమైక్రాన్ జేఎంఎస్583, ఏఎస్‌మీడియా ఏఎస్‌ఎం2362 చిప్‌లున్నవి ఎన్‌వీఎంఈకి మాత్రమే. షాపులో చిప్ పేరు అడిగితే కొందరు వింతగా చూస్తారు, పర్లేదు, "రెండూ పడేది ఇవ్వండి, ఎన్‌వీఎంఈ, సాటా" అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

వేడి సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన గదిలో, ఏసీ లేకుండా 200 జీబీ కాపీ పెడితే డబ్బా చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది, అప్పుడు కార్డు తనను తాను కాపాడుకోవడానికి స్పీడు తగ్గించేస్తుంది. కాబట్టి అల్యూమినియమే కొనండి, ప్లాస్టిక్ అసలొద్దు. డబ్బా వేడెక్కుతోందంటే పాడైందని కాదు, లోపలి వేడి బయటికొస్తోందని. డబ్బాతో పాటు మెత్తటి రబ్బరు ముక్కలాంటి థర్మల్ ప్యాడ్ ఇస్తారు. దానికి రెండు వైపులా పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, ఒకవైపు నీలం, రెండోవైపు కంటికి కనిపించనంత పారదర్శకం. నీలంది అందరం తీస్తాం, రెండోది అలాగే వదిలేసి అతికిస్తాం. గోటితో మూల దగ్గర గీకి చూడండి, ఇంకో పొర లేస్తుంది. ప్యాడ్ కార్డు చిప్పుల మీదా, మూత లోపలి వైపూ రెండిటికీ తగలాలి. పరుపు మీద, ఒళ్లో పెట్టుకుని వాడకండి.

అసలు డబ్బానే ఎందుకు, రెడీమేడ్ కొంటే పోలా?

డిస్క్ ఇప్పటికే చేతిలో ఉంటే డబ్బా. చేతిలో ఏదీ లేకపోతే లెక్క మారుతుంది: కొత్త 2.5 హార్డ్ డిస్క్, డబ్బా విడివిడిగా కొనడం కంటే రెడీమేడ్ పోర్టబుల్ డిస్క్ తీసుకోవడం మామూలుగా చవక, వారంటీ కూడా మొత్తానికి ఒకటే ఉంటుంది. దాని లోటు ఒకటుంది. రెడీమేడ్ 2.5 డిస్కుల్లో చాలావాటికి లోపల సాటా పిన్నులే ఉండవు, యూఎస్‌బీ సాకెట్ డిస్క్ బోర్డు మీదే అతికించి ఉంటుంది. ఆ సాకెట్ విరిగితే డిస్క్‌ని తీసి వేరే డబ్బాలో పెట్టడం కుదరదు. డబ్బాలో ఉన్న డిస్క్‌కి ఆ బాధ లేదు, డబ్బా పోతే ఇంకో డబ్బా. ఎస్‌ఎస్‌డీ విషయానికొస్తే నేను ఎప్పుడూ కార్డు, డబ్బా విడిగానే కొంటా, ఎప్పుడైనా ల్యాప్‌టాప్‌లోకి మార్చుకోవచ్చు.

16 టీబీ ఎస్‌ఎస్‌డీ వెయ్యి రెండు వేలకే అని ఫోన్‌లో ప్రకటనలొస్తుంటాయి. మోసం. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి పెద్ద అంకె చూపించేలా చేసి అమ్ముతారు, నిండేదాకా తెలియదు.

పాత డిస్క్‌కి డబ్బా కొనే ముందు అది డబ్బాకి తగినదేనా అని కూడా చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, డిస్క్ ఆరోగ్యం చెబుతుంది. పసుపు రంగులో జాగ్రత్త అని చూపిస్తే అందులోవి వెంటనే బయటికి తీసుకోండి, కొత్తవి మాత్రం దాచకండి. టక్ టక్‌మని లోపల కొట్టుకుంటున్న డిస్క్‌ని, సరైన కరెంటు ఇచ్చాక కూడా అదే శబ్దం వస్తుంటే, మళ్లీ మళ్లీ ఆన్ చేయకండి. ఏ డబ్బా దాన్ని బాగు చేయదు. డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికే వెళ్లాలి, వాళ్ల ఫీజు వేరే లెవెల్.

తెచ్చాక ఏం చేయాలి, ఏం నొక్కకూడదు

కుదిరితే డిస్క్, ల్యాప్‌టాప్ రెండూ షాపుకే తీసుకెళ్లి కౌంటర్ మీదే పెట్టి చూడండి. బేరం ఎంతైనా ఆడండి, బిల్లు మాత్రం తీసుకోండి.

ఫొటోలున్న పాత డిస్క్‌ని గుచ్చగానే "ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అని విండోస్ అడగొచ్చు. క్యాన్సిల్ నొక్కండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఇనిషియలైజ్ చేయమని అడిగినా అంతే, వద్దనండి. ఆ మాటకి అర్థం నాకు చదవడం రావట్లేదు అని, డిస్క్ ఖాళీగా ఉందని కాదు. కొన్ని 3.5 డబ్బాలు, డాక్‌లు 2 టీబీ దాటిన డిస్కుల్ని తమదైన లెక్కలో కంప్యూటర్‌కి చూపిస్తాయి. అలాంటి దాంట్లో ఫార్మాట్ చేసిన డిస్క్‌ని వేరే డబ్బాలో పెడితే ఖాళీగా కనిపిస్తుంది, మళ్లీ పాత డబ్బాలో పెడితే అన్నీ ఉంటాయి. అందుకే పాత డబ్బా పారేసే ముందు కొత్తదాంట్లో డిస్క్ తెరుచుకుందో లేదో చూసుకోండి.

మా బావమరిదికి ఇంకో గండం వచ్చింది. రెండో డబ్బాలో డిస్క్ కనిపించింది, పక్కన చిన్న తాళం బొమ్మ. బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి విండోస్ వేసే తాళం. 48 అంకెల రికవరీ కీ అడిగింది. వాడికి ఆ పేరే తెలియదు, ల్యాప్‌టాప్ కొన్నప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా ల్యాప్‌టాప్‌లలో అదే ఆన్ అయిపోతుంది. ఫోన్‌లో ఆ అకౌంట్ తెరిస్తే కీ అందులోనే భద్రంగా ఉంది. కానీ ఆ అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకోవడానికి అరగంట పట్టింది, చివరికి అది మా మరదలి పుట్టినరోజు, అది వాడికి గుర్తు రాకపోవడం మీద ఇంకో పావుగంట గొడవ. కీ కొట్టాక ఫోల్డర్ తెరవడానికి మీకు అనుమతి లేదంటూ ఒక మెసేజ్ వచ్చింది, అది మామూలే, కంటిన్యూ నొక్కి కాసేపు ఆగితే తెరుచుకుంటుంది.

ఖాళీ డిస్క్ అయితే ఫార్మాట్ తప్పదు, అప్పుడు ఫైళ్లు ఏ పద్ధతిలో రాయాలో ఎంచుకోవాలి. విండోస్‌లో మాత్రమే వాడితే ఎన్‌టీఎఫ్‌ఎస్. మ్యాక్ దాన్ని చదువుతుంది గానీ మామూలుగా రాయలేదు, అందుకని మ్యాక్, విండోస్ రెండూ ఉన్న ఇంట్లో ఎక్స్‌ఫ్యాట్. ఫ్యాట్32 పాత టీవీల కోసమే, 4 జీబీకి మించిన ఫైలు అందులో పట్టదు. డిస్క్‌ని భాగాలుగా చేసే పద్ధతి జీపీటీయా, ఎంబీఆరా అని అడిగితే, డిస్క్ 2 టీబీ దాటినప్పుడు జీపీటీ ఎంచుకోండి, ఎంబీఆర్‌లో ఆ పైన ఉన్న జాగా కనిపించదు. ఎక్స్‌ఫ్యాట్ పెట్టుకుంటే కేబుల్ లాగే ముందు ఎజెక్ట్ నొక్కడం అలవాటు చేసుకోండి, మధ్యలో లాగితే తట్టుకునే ఏర్పాటు దానికి ఎన్‌టీఎఫ్‌ఎస్‌లా లేదు.

ఎన్‌వీఎంఈ డబ్బా ఇంకా మా టీవీ స్టాండు సొరుగులోనే ఉంది, దాని పక్కనే ఐదు నల్ల అడాప్టర్లు. వాటన్నిటికీ మా నాన్న తెల్ల ప్లాస్టర్ చుట్టి పెన్నుతో రాశారు: హార్డ్ డిస్క్, వైఫై, సెట్‌టాప్ బాక్స్, పాత కీబోర్డు. ఐదోదాని మీద ప్రశ్నార్థకం పెట్టి, "గుచ్చొద్దు" అని రాశారు.